బియ్యం డ్రమ్ములో ఎర్రగీత

సీసా అడుగున మిగిలిన గోళ్ళరంగులో పుల్ల ముంచి, దిల్షాద్ డ్రమ్ము లోపల బియ్యం ఎంతవరకు ఉన్నాయో సరిగ్గా అక్కడ ఎర్రగా ఒక గీత గీసింది. ఆ రోజు వంటకు కావలసిన బియ్యం అప్పటికే తీసి కడిగేసింది. ఇక రేపు పొద్దునదాకా ఆ డ్రమ్ముతో ఎవరికీ పని లేదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఆయనకు గోళ్ళరంగు తోచలేదు" అంది పక్కింటి సంగీత, గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ధర్మవరంలో ఆ వీధి మొత్తానికి పొదుపులో దిల్షాద్ తర్వాతే ఎవరైనా. టమాటాలకు మార్కెట్ కట్టేసే వేళకు పోయి గుట్ట బేరమాడుతుంది. బీరకాయ తొక్కు పచ్చడవుతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చిత్రాన్నమవుతుంది. అన్నిటికన్నా పెద్ద కిటుకు ఇంకోటుంది. మూడు గ్లాసుల బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తిరిగి డ్రమ్ములో వేసేస్తుంది. ఇరవై అయిదు కిలోల మూట సంగీత ఇంట్లో ఇరవై నాలుగో తేదీకే ఖాళీ అయితే, దిల్షాద్ ఇంట్లో నెలాఖరుదాకా వస్తుంది. అలాగని ఆటో తోలే మొగుడు అల్తాఫ్‌కు గానీ, ఇద్దరు ఆడపిల్లలకు గానీ ఏ పూటా కడుపు మాడింది లేదు. ఈ సంగతి ఆమె అడిగినవాళ్ళకూ చెబుతుంది, అడగనివాళ్ళకూ చెబుతుంది.

ఎంత పొదుపైనా కంట్రోలు బియ్యాన్ని మాత్రం గడప తొక్కనివ్వదు. పెళ్ళయిన కొత్తలో అత్త జైతున్‌బీ తన రేషన్ కార్డు మీద వచ్చిన బియ్యం తెచ్చిస్తే, "నా ఇంట్లో ముతకన్నం వండను" అని మొహం మీదే చెప్పింది. ఆ మాట మీదే పొయ్యిలు రెండయ్యాయి. ముసలామె వాకిట్లోని రేకుల గదిలో వేరుగా సంగటి కెలుక్కుని తింటుంది. కార్డు బియ్యం నెలనెలా ఎవరికో అమ్ముకుంటుందని దిల్షాద్ లెక్క.

"నువ్వు కండ్లారా చూసినావా?" అడిగింది సంగీత.

"చూడకుండా అంటానా? నేను చీరల కుచ్చుల పనికి పోయినంక వంటింట్లోకి దూరతాండాది. మొన్న సూది మర్చిపోయి వెనక్కొస్తే, కొంగు కింద కొలిచే సేరు పెట్టుకొని బయటికొస్తాండాది. నిన్న బియ్యం చదును చేసి, పైన అరచెయ్యి అచ్చు వేసి పోయినా. వచ్చి చూస్తే అచ్చు లేదు."

"ఆమెకు చూపు ఆనదు గదా!"

"అందుకే అచ్చు కానరాలేదు. గీత కూడా కానరాదు." దిల్షాద్ మూత గట్టిగా బిగించింది. "ఈడ ఈమె, ఆడ అంగడి లింగప్ప. బియ్యంలో లావు గింజలు కలిపి అమ్ముతాండాడు. అడిగితే, 'నా మూటలో ఒక్క లావు గింజ చూపించమ్మా, అంగడి మూసేస్తా' అని ఒట్టేస్తాడు. నేను పిడికెడు పిడికెడు వెనకేస్తాంటే అందరూ నా కుండకే చిల్లు పెడతాండారు."

మధ్యాహ్నం అల్తాఫ్ అన్నానికి వచ్చేసరికి దిల్షాద్ పని నుంచి వచ్చి నడవలో నిలబడి ఉంది. సంగీత కూడా ఉంది. దిల్షాద్ జైతున్‌బీని కేకేసి పిలిచింది.

"అత్తా, పొద్దున నా వంటింట్లోకి పోయినావా?"

"పోయినా."

"కొంగు కింద సేరుతో?"

ముసలామె కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"చూసినావా?" దిల్షాద్ మొగుడి వైపు తిరిగింది. "బియ్యం గీతకు తగ్గింటే మీ అమ్మను ఈ పొద్దే పెనుకొండకు, మీ చెల్లెలింటికి తోలుకొనిపో. తగ్గకుంటే సంగీత ముందరే ఆమె కాళ్ళు పట్టుకుంటా."

"పిడికెడు బియ్యానికి ఇంత రచ్చ ఎందుకే?" అన్నాడు అల్తాఫ్. తల్లి ముందు తలెత్తలేకపోయాడు.

"ఆ పిడికెడు పిడికెడుతోనే గదా నీ ఇల్లు నడుస్తాండేది!"



"గొడవొద్దు నాయనా" అంది జైతున్‌బీ. "నేను పెనుకొండకు పోతాలే. ఆ డ్రమ్ము మాత్రం తెరవద్దండి."

రేకుల గదిలోకి పోయి రెండు చీరలు, మందుల కవరు సంచిలో సర్దుకుని వచ్చింది. సంచి చంకన పెట్టుకుని, చూపు ఆనక చెప్పుల కోసం కాలితో తడుముకుంది. అది చూసి దిల్షాద్‌కు ఒక్క క్షణం మనసు కలుక్కుమంది. కానీ తెరవద్దనే మాటతోనే దొంగతనం ఒప్పుకున్నట్టయింది కదా. ఇంతదాకా వచ్చాక వెనక్కి తగ్గితే రేపటినుంచి వీధిలో తన మాట ఎవరు వింటారు?

"తెరిస్తేనే తెలుస్తుంది" అంటూ వంటింట్లోకి నడిచింది. అందరూ వెనకే వచ్చారు. మూత లాగింది. అల్తాఫ్ సెల్లు లైటు వేశాడు.

పైనంతా లావు గింజలే. లింగప్పను మనసులో ఇంకోసారి తిట్టుకుంది.

గీత కోసం డ్రమ్ము లోపలంతా వెతికింది. కనబడలేదు. చెరిపేసిందా అంటే, ఆరిన గోళ్ళరంగు అంత తేలిగ్గా చెరగదు. దిల్షాద్ వంగి, అంచు వెంబడి బియ్యాన్ని చేత్తో పక్కకు తోసింది.

ఎర్రగీత బియ్యం కింద ఉంది.