మొదటి విస్తరి

మొదటి విస్తరి తనకే వేస్తారని సంతోషి పొద్దుటి నుంచీ మురిసిపోతోంది.

పెళ్ళయి నలభై రోజులు. ఆమె పుట్టింట్లో కొత్త కోడలికే మొదటి విస్తరి. అందుకే ఎండ మండిపోతున్నా పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుంది.

అసలీ దావత్ కుదరడమే గగనమైంది. బావగారికి ఎయిర్‌పోర్టులో షిఫ్టులు, భర్త జగదీశ్‌కు ట్రాలీ ఆటో కిరాయిలు. అందరికీ తీరిక దొరికిన రెండు ఆదివారాలనూ గాలివాన మింగేసింది. మూడో ఆదివారం ఎలాగైతేనేం, తొండుపల్లి దగ్గరి మామిడితోటలో పొయ్యి వెలిగింది. నెత్తిమీదుగా విమానం పోయినప్పుడల్లా సంతోషి చెయ్యి ఊపింది.

అత్తగారు రాములమ్మ విస్తరి పరిచింది.

"సత్తెమ్మా, రా, కూసో!"

చెట్టు కింద ఉల్లిగడ్డలు కోస్తున్న ముసలామె, వెలిసిన చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

సంతోషి మొహం మాడిపోయింది.

"ఎవరామె?" భర్త చెవిలో అడిగింది.

"నాకేం తెల్సు? తిన్నంక అందరి ముంగట చెప్తదట అమ్మ."

"ముక్కలన్నీ ఆమెకే ఏస్తున్నది సూడు!"

"కోడికాలి కోసం కుళ్ళుకుంటున్నవా? నాది తీస్కో తియ్యి," జగదీశ్ నవ్వాడు.

సత్తెమ్మ తన విస్తరిని సంతోషి వైపు జరిపింది.

"నువ్వు తిను బిడ్డా."

"నాకొద్దు. మీకేసిన్రు గద, మీరే తినుండ్రి."

ఆ మాట పూర్తికాకముందే గాలిదుమారం లేచింది. విస్తళ్ళు ఎగిరిపోయాయి. మామిడికాయలు టపటపా రాలాయి. వెంటనే వడగళ్ళు.

బావగారూ తోటికోడలూ బైకెక్కి ముందే ఉరికారు. రాములమ్మ ట్రాలీలో కొడుకు పక్కన ఇరుక్కుంది. వెనక టార్పాలిన్ కింద, గిన్నెల మధ్య సంతోషి.

మొహమంతా కొంగు కప్పుకున్న సత్తెమ్మ అన్నం గిన్నె పైకి అందించింది.

"జర జరుగు బిడ్డా."

సంతోషి జరగలేదు. పక్కనున్న ఖాళీలో సంచి పెట్టింది.

"జాగ లేదు."

సత్తెమ్మ ఆ సంచి వైపు ఒక్క క్షణం చూసింది.

"సరే బిడ్డా. పైలం. నేను బస్సుకు పోత."

"అందరెక్కిన్రా?" ముందు నుంచి జగదీశ్ అరిచాడు.

"ఎక్కినం, పోనీ!" అంది సంతోషి.

దారి పొడుగునా సంతోషి వడగళ్ళు పట్టుకుంటూనే ఉంది. అరచేతిలో ముత్యాల్లా ఎంత బాగున్నాయో! నిరుడు కూడా ఇంతే. కాటేదాన్‌లో కంప్యూటర్ క్లాసు నుంచి వస్తూ, కిక్కిరిసిన ఆటోలోంచి చెయ్యి చాపి ఇలాగే పట్టింది.

ఇంటి ముందు దిగగానే రాములమ్మ వెనక్కి వచ్చి చూసింది.

"సత్తెమ్మ ఏది?"

"జాగ లేకుండె అత్తమ్మా. బస్సుకు పోత అన్నది."

"గింత రాళ్ళవానలనా!"

జగదీశ్ వెంటనే ట్రాలీ తిప్పాడు. గంట తర్వాత తడిసి ముద్దయి వచ్చాడు.

"తోటల లేదు, రోడ్డు మీద లేదు. బస్సు పోయిందట."

సంతోషి ఇక ఆపుకోలేకపోయింది.

"పొద్దుగాల్నుంచి సత్తెమ్మ, సత్తెమ్మ! కొత్త కోడలు నేనా, ఆమెనా?"

రాములమ్మ కోప్పడలేదు. కోడలి తడి జుట్టును తువ్వాలుతో తుడుస్తూ అంది.

"మా ఇంట్ల మొదటి విస్తరి, సంబంధం చూపిచ్చినోళ్ళకు ఏస్తం బిడ్డా."

"మన సంబంధం తెచ్చింది శంకరయ్య మామ గద?"

"ఆయన కబురు మోసిండు, అంతే. 'రాళ్ళవానల, కాటేదాన్ కాడ, జాగ లేని ఆటోల, మొహమంతా కొంగు కప్పుకున్న నన్ను ఒక పిల్ల ఒళ్ళె కూసోవెట్టుకున్నది, పేరూ ఊరూ అడిగి వచ్చిన, గా పిల్లనే కోడల్ని చేస్కో' అని నిరుడు నా ఇంటికొచ్చి చెప్పింది సత్తెమ్మనే."