మూడో ప్రశ్న

ఊళ్ళోని కొంతం చౌక్ ఎస్టీడీ బూత్‌లో గోదావరి ఒక చేత్తో రిసీవరు, ఇంకో చేత్తో కూతురి రెండు మణికట్లూ పట్టుకుని నిలబడింది.

కమలకు తొమ్మిదేళ్ళు. ఒక్కచోట కాలు నిలవని పిల్ల. డాక్టరు చీటీ తెస్తేనే బడిలో ఉంచుతానని హెడ్మాస్టరు తేల్చి చెప్పేశాడు.

మగ్గం ఆపుకుని హైదరాబాదు దాకా ఎవరు పోతారు?

అక్కడి పిల్లల డాక్టరమ్మ ఎంత మంచిదో, ఫోను చేసి చెప్పుకుంటే ప్రశ్నల కాగితం పోస్టులో పంపింది. మిగతా పరీక్ష ఫోనులో చేస్తానంది.

పిల్ల మొదలుపెట్టిన పని పూర్తిచేస్తుందా అన్నది కాగితంలో మూడో ప్రశ్న. గోదావరి సిగ్గుపడుతూనే చెయ్యదని రాయించి తిరిగి పంపింది.

ఇప్పుడు తల్లీకూతుళ్ళ చెవులు రెండూ ఒకే రిసీవరుకు ఆనాయి.

"నేను చెప్పే అంకెల్ని వెనక నుంచి చెప్పమ్మా. నాలుగు, తొమ్మిది, రెండు."

కమల గింజుకుంది. గోదావరి పట్టు బిగించింది.

"గోదావరమ్మా, గాజుల చప్పుడు వినిపిస్తోంది. పిల్లను పట్టుకున్నారా?"

"అవు డాక్టరమ్మా. ఇడిస్తే ఒక్క తాన ఉండది పోరి."

"వదిలెయ్యండి."

ఉన్న పరువు కాస్తా పోతుందనుకుంటూనే వదిలింది.

కమల తల్లి నడుమున దోపుకున్న, బీడీలు కట్టే దారం ఉండ లాక్కుంది. వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"రెండు, తొమ్మిది, నాలుగు" అంది.

ఐదు అంకెలిచ్చినా తప్పలేదు.

వారానికి చీటీ వచ్చింది. ఇది పొగరు కాదు, బద్ధకం కాదు, చేతికి ఏదో ఒక పని ఉండనివ్వండి, మనసు నిలుస్తుంది అని ఉంది అందులో. హెడ్మాస్టరు రెండుసార్లు చదివి కమలను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు.

ముఖమైనా చూడని మనిషి ఇంత మేలు చేసింది. ఆమెకు ఏమివ్వగలరు?

గోదావరి మొగుడు సిద్ధరాములు మగ్గమెక్కాడు. అంచులో డాక్టరమ్మ పేరు పెట్టి తువ్వాలు నేయడానికి.

కమల రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టింది. మధ్యమధ్యలో లేచి గల్లీ అంతా చుట్టొచ్చింది. లేచినన్నిసార్లూ వచ్చి కూర్చుంది.

తువ్వాలు పోస్టులో వేసిన రోజు గోదావరి మళ్ళీ బూత్‌కు వెళ్ళింది.

"డాక్టరమ్మా, తువ్వాల పంపినం. మా ఇంటాయన మీ పేరు నేసిండు. కండెలన్నీ కమలనే చుట్టింది."

"అన్నీనా?"

"ఆఖరి కండె దాకా."

గోదావరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ తాన ఆ కాగితం ఉన్నది గద. మూడో ప్రశ్న జవాబు జర మార్చి రాసుకోండ్రి."