ఎడమ పెడల్

"ఈ బోల్టు ఈ ఫ్రేముది కాదు చెల్లాయ్. ఇంకెవరి సంసారంలోదో తెచ్చి ఇందులో పడేశారు," అన్నాడు సైకిల్ మేస్త్రీ, అట్టపెట్టెలో చేయి పెట్టి కెలుకుతూ.

"చవగ్గా వచ్చిందని తెప్పించింది నువ్వే కదా పెద్దన్నయ్యా. ఇప్పుడు సణగకు," అంది చెల్లెలు.

సముద్రం దాటి వచ్చిన సరుకు అది. ఫ్రేము ఒక చోటిది, చక్రాలు ఇంకో చోటివి, పెడళ్ళు మరో చోటివి. వెంట వచ్చిన కాగితంలో బొమ్మలు తప్ప అర్థమయ్యేది ఏమీ లేదు. సీటు గొట్టం వెంట్రుకవాసి వదులుగా ఉంటే, మేస్త్రీ డబ్బా రేకు కత్తిరించి దాని చుట్టూ చుట్టి బిగించాడు. డెబ్బై మూడేళ్ళ వయసులో చేతులు వణుకుతున్నా, చక్రం తిప్పి చెవి ఒగ్గితే ఏ స్పోకు వదులుగా ఉందో చెప్పేస్తాడు. చూపే అంతకంతకూ తగ్గిపోతోంది. అది పూర్తిగా పోకముందే తమ్ముడి ముఖం ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. ఈ సైకిల్ ఆ తమ్ముడి కోసమే.

తమ్ముడు మేస్త్రీ షాపు గుమ్మం తొక్కి నలభై ఎనిమిదేళ్ళయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడినా ఇద్దరూ తలలు తిప్పుకునేవాళ్ళే.

"సైకిల్ ఇస్తానంటే వస్తాడంటావా?"

"చిన్నన్నయ్య అడిగింది సైకిల్ కాదు కదా. 'నువ్వు చెయ్యలేదు' అని ఒక్క మాట అనమన్నాడు."

"చేసినవాణ్ణి పట్టుకుని చెయ్యలేదని ఎలా అననే? క్షమించానంటాను. అది చాలదా?"

చెల్లెలు పెట్టె అడుగున పడ్డ బోల్టులు ఏరసాగింది.

నలభై ఎనిమిదేళ్ళ కిందటా ఇలాంటి పెట్టే. ఆ బజారులోకి మొదటిసారి వచ్చిన విదేశీ సరుకు. అన్నదమ్ములిద్దరూ మూడు రోజులు కూర్చుని బిగించారు. బాగుంటే అలాంటివి ఇరవై చేయించుకుంటానని పెద్ద షాపు షావుకారు మాటిచ్చాడు. ఇక పెడళ్ళే మిగిలాయి. మేస్త్రీ మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఎవరో పెడళ్ళు బిగించి ఉంచారు. ఎడమవైపు క్రాంకులో, అంటే పెడల్ బిగించే కడ్డీలో, మర చుట్లు మొత్తం నలిగిపోయాయి. పెడల్ వంకరగా వేలాడుతోంది. మారుద్దామంటే అలాంటి క్రాంకు ఎక్కడా దొరకలేదు. షావుకారు చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయాడు.

షాపులో పని చేసేది తామిద్దరే కాబట్టి, ఇది తమ్ముడి పనే అనుకుని మేస్త్రీ నలుగురిలో వాడి చెంప పగలగొట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడు, ఏడవలేదు. "నేను చెయ్యలేదన్నయ్యా" అని ఒకే ఒక్కసారి అన్నాడు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని పోయాడు. ఆ తర్వాత పరాయివాళ్ళ షాపుల్లోనే రెక్కలు ముక్కలు చేసుకున్నాడు తప్ప, తనకంటూ ఒక షాపు ఏనాడూ పెట్టుకోలేకపోయాడు.

"పెడళ్ళు ఇలా ఇవ్వు," అన్నాడు మేస్త్రీ. "కొసన చిన్న అక్షరం చెక్కి ఉంటుంది. నా కళ్ళకి ఆనడం లేదు. చూసి చెప్పు."

చెల్లెలు వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూసింది. "ఇది ఎడమది. ఇది కుడిది."

మేస్త్రీ ఎడమ పెడల్‌ని వేళ్ళతోనే వెనక్కి తిప్పుతూ ఎక్కించాడు. అడ్డు లేకుండా దిగింది.

"తారుమారైతే ఏమవుతుంది పెద్దన్నయ్యా?"

"ఎడమదానికి మర ఎదురు తిరిగి ఉంటుంది. కుడిదాన్ని తెచ్చి అక్కడ పెట్టి స్పానర్‌తో బలవంతం చేశావనుకో, మర నుజ్జు. వాడు చేసిన ఘనకార్యం అదే కదా."

"చిన్నన్నయ్యకి ఈ సంగతి ఎప్పుడు నేర్పావు?"

"పదేళ్ళప్పుడే. వాడికి అక్షరం కూడా అక్కర్లేదు. చీకట్లో వేలితో మర తడిమి, ఏది ఎటుదో చెప్పేసేవాడు..."

ఆ మాట దగ్గర మేస్త్రీ ఆగిపోయాడు. స్పానర్ ఒళ్ళో పెట్టుకుని, కుడి పెడల్ అందుకుని దాని మర మీద వేలు తిప్పి చూశాడు.

"వాడు కాదు," అన్నాడు చివరికి. "పని తెలిసినవాడు చేసే తప్పు కాదిది. పనీ రాదు, ఆ అక్షరం చదవడమూ రాదు, అలాంటివాళ్ళెవరో చేశారు. ఒక్క రౌండు తొక్కి చూడాలని ఆశపడి ఉంటారు."

"అయ్యుంటుంది."

"ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ నా బుర్రకి ఎందుకు తట్టలేదే?"

"కోపంలో ఉన్నావు."

"నలభై ఎనిమిదేళ్ళా?"

చెల్లెలు ఫోన్ తీసి నంబరు కలిపి, స్పీకర్ నొక్కి ఆయన చేతిలో పెట్టింది. తను రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఒరేయ్, నేనురా." అవతల దగ్గు వినిపించింది. "నువ్వు చెయ్యలేదురా. నాకిప్పుడు తెలిసింది."



"నాకప్పుడే తెలుసులే అన్నయ్యా." తమ్ముడు నవ్వాడు.

"మరి ఎవరు చేశారో తెలుసా?"

"తెలిసినా, అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతానా? తన్నులు ఎలాగూ నేను తినేశాను. మిగిలినవాళ్ళనైనా వదిలెయ్."

"వచ్చి సైకిల్ తీసుకుపోరా. నీకోసమే బిగించాను."

"మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి అన్నయ్యా. మంచం దిగి గుమ్మం దాకా రావడమే నాకు పెద్ద ప్రయాణం. పదేళ్ళ కిందట ఈ మాట అని ఉంటే తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. చెల్లాయికివ్వు."

"దానికి తొక్కడం ఎక్కడ వచ్చురా?"

"రాదులే. ఆశ ఉంటుంది కదా."

మేస్త్రీ ఫోన్ దించాడు. "విన్నావా? నీకివ్వమంటున్నాడు."

"నాకొద్దు," అని చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మేస్త్రీ బస్సెక్కి తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. మసకగా కనిపించిన ముఖాన్ని, తను కొట్టిన చెంప దగ్గర, చేత్తో తడిమి వచ్చాడు. సైకిల్ మాత్రం షాపులోనే ఉండిపోయింది.

ఇది రాసింది వాళ్ళిద్దరి చెల్లెలు. వయసు అరవై మూడు. మా ఆయన పోయాక పెద్దన్నయ్య షాపు వెనక గదిలో ఉంటున్నాను. నిదానంగా కూడబలుక్కుని రాశాను, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పెద్దన్నయ్య అన్నానికి వెళ్ళిన ఆ మధ్యాహ్నం నాటికి నాకు ఒక్క అక్షరమూ రాదు.