నీలం పెట్టెలో పెద్ద బోర్డు

అఖిల్ పథకంలో దొంగతనమేమీ లేదు, ఉన్నదల్లా కాస్త కక్కుర్తి. పుదుచ్చేరిలోని ఓ కంప్యూటర్ దుకాణానికి వెళ్లాలి. మదర్‌బోర్డులన్నీ పెట్టెల్లోంచి తీయించి చూడాలి, ఫోటోలు కొట్టాలి, "ఆలోచించుకుని వస్తా" అని బయటపడాలి. తర్వాత ఆన్‌లైన్లో రెండు వేలు తక్కువకి తెప్పించుకోవాలి.

ఆదివారం ఓవర్‌క్లాకింగ్ పోటీ ఉంది. కంప్యూటర్ని దాని మామూలు వేగానికి మించి ఎవరు ఎక్కువ ఉరికిస్తే వాళ్లదే గెలుపు. కిందటేడు అఖిల్ కంప్యూటర్ మొదటి నిమిషంలోనే చచ్చి ఊరుకుంది. వైట్ టౌన్‌లోని అతని ఆఫీసులో ఆ ముచ్చట టీ టైములో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఈసారి కూడా పరువు పోతే సొంతూరు యానానికి బదిలీ పెట్టుకోవడమే మేలని తేల్చుకున్నాడు పాపం.

దుకాణం ఓ అక్కాతమ్ముళ్లది. బిల్లుల దగ్గర అక్క లోగనాయకి, సరుకు దగ్గర తమ్ముడు గురు. అఖిల్ ఇంగ్లీషులో అడిగితే, గురు తమిళం కలిపిన ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

గురు ఓపిగ్గా ఆరు బోర్డులు విప్పి చూపించాడు. ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం దేంట్లో గట్టిది, వేడిని పీల్చే దిమ్మలు దేంట్లో మందం, అన్నీ విడమరిచాడు. అఖిల్ అన్నిటికీ ఫోటోలు కొట్టాడు. చివరికి గురు ఒకదాన్ని ముందుకు జరిపాడు.

"మీకు ఇది చాలు సార్. ఇరవై నాలుగు వేలు. పోటీకి బ్రహ్మాండంగా పనికొస్తుంది."

"దీనికంటే పెద్దది లేదా?"

"ఉంది సార్. యాభై ఎనిమిది వేలు."

"ఏదీ, చూద్దాం," అన్నాడు అఖిల్. చూడ్డానికి డబ్బులెందుకు?

గురు అరలన్నీ వెతికాడు. కనిపించలేదు. అక్క వైపు తిరిగి ఏదో అడిగాడు. అఖిల్ ఉలిక్కిపడ్డాడు. అది తెలుగు!

"అక్కా, ఆ పెద్ద బోర్డు యాడ పెడితివి?"

"నన్నడుగుతావేందిరా? నిన్న విల్లియనూరు నుంచి వచ్చినాయనకి విప్పి చూపించింది నువ్వే కదా!"

ఈ ఊళ్లో తెలుగు మాట చెవినబడితే అఖిల్‌కి ప్రాణం లేచొస్తుంది. "అయ్యబాబోయ్, మీరూ మావాళ్లేనా!" అనడానికి నోరు తెరిచాడు కూడా.

"అయ్యయ్యో అక్కా! తెలీకుండా ఆ మూల నీలం పెట్టెలో పెట్టేసినా."

"ఆ పద్నాలుగు వేల బోర్డు పెట్టెలోనా? నీ మొహం మండా! ఎవరైనా ఆ రేటుకే కొనుక్కొని పోతే ఏంది మన గతి?"

"దాన్ని ఎవరు అడుగుతారక్కా, ఏడాదిగా దుమ్ము పట్టి ఉండాది. ఈయన్ని పోనీ, మార్చేస్తా."

"మెల్లిగా మాట్లాడు, ఇనపడతాది."

"ఇనపడితే ఏంది? ఆయనకి తెలుగు ఏం తెలుసు!"

అఖిల్ తెరిచిన నోరు మూసుకున్నాడు. గోడ మీది క్యాలెండర్ కేసి శ్రద్ధగా చూడసాగాడు. పద్నాలుగు వేలకి యాభై ఎనిమిది వేల బోర్డు! ఆదివారం ఫస్టు ప్రైజు, సోమవారం ఆఫీసులో అందరి మొహాలు కళ్ల ముందు కనిపించాయి. తప్పు కాదూ అని లోపల ఏదో గొణిగింది. వాళ్లు మతిమరిస్తే నాదా తప్పు అని దాని నోరు నొక్కేశాడు.

"అంత బడ్జెట్ లేదు. ఆ నీలం పెట్టె ఇచ్చేయండి," అన్నాడు.

గురు మొహం పాలిపోయింది. "అదొద్దు సార్. దాంట్లో ఓవర్‌క్లాకింగ్ అసలు కుదరదు. కంపెనీవాళ్లే లాక్ చేసి పెట్టారు."

"ఫర్వాలేదు. మా చెల్లి దేవిశ్రీ చదువుకోడానికి." లేని చెల్లెల్ని అప్పటికప్పుడు పుట్టించాడు.

"పోనీ, విప్పి చూపిస్తాను. చూసుకుని తీసుకెళ్లండి."

"వద్దొద్దు! మీ మీద నాకు నమ్మకముంది!" అంటూ అఖిల్ పెట్టెని రెండు చేతులతో కావలించుకున్నాడు.

లోగనాయకి నిట్టూర్చింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోం సార్, బాగా ఆలోచించుకోండి," అంది. బిల్లు మీద మోడల్ నంబరు వేసి, ఓవర్‌క్లాకింగ్‌కి పనికిరాదన్న ముక్క కూడా రాసి, సంతకం పెట్టమంది. అఖిల్ చదవకుండానే గీకి పారేశాడు. డబ్బు కట్టేసి మెట్లు రెండేసి చొప్పున దిగి, వాకిట్లో ఆపిన తన బండెక్కాడు. పెట్టె బరువుగానే తోచింది. ఇంత అమాయకులు వ్యాపారం ఎలా చేస్తున్నారా అని జాలి కూడా వేసింది.

"పోయినాడా?" అడిగింది లోగనాయకి.

గురు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "మలుపు తిరిగినాడు. పాపం అక్కా, ఆదివారం పోటీ అంట."

"ఆరు బోర్డులు విప్పించి ఫోటోలు కొట్టేటప్పుడు మనమంటే ఆయనకి పాపమనిపించిందా?"

గురు లోపలికి వెళ్లి అచ్చం అలాంటిదే ఇంకో నీలం పెట్టె తెచ్చి, అదే మూలన పెట్టాడు.

లోగనాయకి నోట్లు గల్లాలో వేసుకుంటూ అంది: "పెట్టె మీద రాసిన బోర్డే లోపల ఉండాది, మనదేం తప్పురా? ఇంకా మూడు ఉండాయి. యానాం నంబరు బండి ఏదైనా మళ్లీ వాకిట్లో ఆగితే చెప్పు, తెలుగులో కొట్లాడుకుందాం."