జానెడు కారు

బావ అంటే మెకానిక్‌కి మొదటి నుంచీ గిట్టదు. కారణాలు లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు. ఇప్పుడు మాత్రం ఏకంగా పొట్ట మీదే కొడుతున్నాడు.

అమ్మ పోతూ పోతూ అక్కకీ తమ్ముడికీ కలిపి మూడు వందల గజాల స్థలం రాసింది. మెకానిక్ షెడ్డు అందులోనే ఉంది. దాన్ని అమ్మేయాలట. ఆ డబ్బుతో బావ పేరున దుకాణం పెట్టాలట. అది నిలదొక్కుకున్నాక తమ్ముడి వాటా ఇస్తారట.

ఇంతకీ ఏం దుకాణం? బొమ్మ కార్లది.

బావ ఇంట్లో ఒక గది నిండా అవే. అద్దాల బీరువాల్లో లారీలు, ట్యాంకర్లు, పాత కార్లు. ఒక్కొక్కటీ జానెడు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, గుండుసూదులతో వైపర్లు చేసి, తుప్పు కూడా రంగుతో పూస్తాడు. ఇంటి ముందున్న అసలు కారు కడగడానికి మాత్రం తీరిక ఉండదు.

"ఇంకోచోట వేసుకోరాదురా షెడ్డు?" అంటుంది అక్క. మొగుడు ఏమన్నా ఆవిడకి వేదమే.

మెకానిక్ మొండికేశాడు. సంతకం పెట్టనన్నాడు.

అలాంటి సమయంలో ఫొటో స్టూడియో ఆయన స్కూటర్ బాగుచేయించుకోవడానికి వచ్చాడు. జేబులోంచి ఒక ఫొటో తీశాడు.

"మీ బావ ప్రింట్లు వేయమని ఇచ్చాడు. అన్నీ బొమ్మ కార్లే. మధ్యలో ఇదొకటి దూరింది. ఎందుకైనా మంచిదని ఇంకో కాపీ తీశా."

ఫొటోలో సంగీతం టీచరు ఇల్లు. భర్త లేడు, పిల్లల్లేరు, ఒక్కతే ఉంటుంది. గేటు లోపల పోర్టికో, మెట్లు, పూలకుండీలు, పిల్లి, బావ కారు.

"ఆ ఇంటికి ఈ కారు కొత్త కాదనుకుంటా," స్టూడియో ఆయన కన్నుగీటాడు. "మనిషి అలికిడైతే పారిపోయే పిల్లి. చూడు, ఎంత ధీమాగా పడుకుందో."

మెకానిక్‌కి పిల్లితో ఏం పని? అతను కారును చూశాడు. ఎడమ తలుపు కింద సొట్ట. తాను సుత్తితో తట్టీ తట్టీ చివరికి సగంలో వదిలేసిన సొట్టే. వెనక చక్రానికి కప్పు లేదు. ఇంక అనుమానమే లేదు.

మొగుడూ పెళ్లాల మధ్య నిప్పు పెట్టాడన్న మాట పడటం ఇష్టం లేక, ముందు బావకే ఫోన్ చేశాడు.

అవతల గది తలుపు మూసిన చప్పుడు. తర్వాత నవ్వు.

"ఆదివారం ఇంటికి రా బామ్మర్దీ. మీ అక్క ముందే తేల్చుకుందాం. నాది తప్పని తేలితే స్థలం ఊసెత్తను. నీది తప్పని తేలితే?"

"కళ్లు మూసుకుని సంతకం పెడతా."

ఆ వారమంతా బావ ఆఫీసుకి సెలవు పెట్టాడు. బొమ్మల గదిలోంచి తిండికి కూడా బయటికి రావడం లేదని అక్క ఫోన్లో విసుక్కుంది. భయం పట్టుకుంది వెధవకి, అనుకున్నాడు మెకానిక్.

ఆదివారం ఫొటో బల్ల మీద పెట్టాడు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని మొగుడి వైపు తిరిగింది.

"మన కారేగా ఇది?"

"కాదు," అన్నాడు బావ. గదిలోకి వెళ్లి, అరచేతిలో ఒక బొమ్మ పట్టుకుని వచ్చాడు. "ఇదీ ఆ కారు."

అదే రంగు. ఎడమ తలుపు కింద అదే సొట్ట. వెనక చక్రానికి కప్పు లేదు. మెకానిక్ నమ్మలేక తాకి చూశాడు.

"ముట్టుకోకు, పచ్చిగా ఉంది. నీకు చూపిద్దామని ఇంకో పూత వేశా."

అప్పటికే వేలికి వెండిరంగు అంటుకుంది.

బావ కిటికీ గట్టు మీద ఒక పలక పెట్టి, దాని మీద బొమ్మను నిలబెట్టాడు. ఫోన్ దగ్గరగా పట్టుకుని, "ఇప్పుడు చూడు," అన్నాడు. ఫోన్‌లో, ఎదురింటి పోర్టికోలో కారు ఆగి ఉంది. చక్రాలు ఎదురింటి నేల మీదే ఆనినట్టున్నాయి.

"దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది, దూరంగా ఉన్నది చిన్నగా. ఇంతే కిటుకు. ఆ టీచరు ప్రహరీ గోడ మీద ఈ పలక పెట్టి తీశా. ఆవిడ మొహం కూడా చూడలేదు."

అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"నా కాపురం కూల్చడానికి వీధులు పట్టి తిరుగుతున్నావట్రా? అమ్మ ఉంటే చెప్పు తీసుకునేది."

"పోనీలేవే," అన్నాడు బావ. "అక్క మీద ప్రేమ కొద్దీ చేశాడు. మనసులో పెట్టుకోకు బామ్మర్దీ."

తిట్టినా బాగుండేది.

"తప్పయింది బావా," అన్నాడు మెకానిక్. కాగితాలు బీరువాలో సిద్ధంగానే ఉన్నాయి. చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ప్రతి సంతకం పక్కనా కాస్త వెండిరంగు అంటింది.

సాయంత్రం షెడ్డుకి వచ్చి, గోడ మేకులకున్న పానాలు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. వంగినప్పుడు జేబులోంచి ఫొటో జారి పడింది. చింపేద్దామని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కారులో ఇంక చూడాల్సింది ఏమీ లేదు. అందుకే మొదటిసారి మిగతావి చూశాడు. మెట్లు చూశాడు. పూలకుండీలు చూశాడు.

ఆ జానెడు కారు టాపు మీద, ఒక కాలు ముందు అద్దం మీదికి వేలాడేసి, టీచరు గారి పిల్లి హాయిగా నిద్రపోతోంది.