నాగులమ్మ పెట్టె

“మళ్ళీ ఫెయిలే నాగులమ్మా! నీ పెట్టె కారుతోంది,” అన్నాడు టెస్టింగ్ ఇంజనీరు విజయభాస్కర్, స్క్రీను మీద ఎర్రగీత దాటి లేచిన గీతల్ని చూపిస్తూ.

నాగులమ్మకి ఒళ్లు మండింది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పే కంట్రోలరుకి నాయుడుపేటలోని తన షెడ్డులో అల్యూమినియం పెట్టె చేసిందామె. లోపలి కరెంటు రొద తరంగాలై బయటికి పొక్కితే చుట్టుపక్కల మిషన్లు తికమకపడతాయి. పొక్కకుండా ఆపడమే పెట్టె పని. దసరా వెళ్లాక టెస్టు పోవడం ఇది మూడోసారి. ఇక ఆర్డరు చెన్నై కంపెనీకి పోతుంది, షెడ్డుకి తాళం పడుతుంది.

“కారదు సార్. సందులో వెంట్రుక కూడా దూరదు. చేసినదాన్ని, నాకు తెలవదా?”

“నీకు తెలుసా, జర్మనీ మిషనుకి తెలుసా?”

“మీ మిషను గొప్పదే. నా పెట్టె అంతకన్నా గొప్పది.”

విజయభాస్కర్ నవ్వి కాగితం ముందుకు తోశాడు. “తప్పు ఒప్పుకొని సంతకం పెట్టు.”

“పెట్టను. రొద నా పెట్టెలోంచే వస్తావుందని ముందు మీరు రాసియ్యండి.”

అతను విసురుగా రాసి సంతకం గీకాడు. నాగులమ్మ ఆ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. స్క్రూడ్రైవరు తీసుకుని, పెట్టె ఉన్న టెస్టు గది రేకు గడపకి దట్టంగా పూసిన పసుపు తొక్కకుండా దాటి లోపలికెళ్లింది. ఇరవై నాలుగు మరలూ విప్పి మూత ఎత్తింది.

పెట్టె ఖాళీ. లోపల టేపు చుట్టిన కరెంటు తీగ కొస తప్ప ఏమీ లేదు.

విజయభాస్కర్ గడప దాకా వచ్చి తొంగి చూశాడు. “కంట్రోలరేదీ?”

“షెడ్లోనే పెట్టొచ్చినా. రెండుసార్లు నోరు మూసుకొని పోయినా సార్. మూడోసారి పోను.”

“మరి... ఈ రొద ఎక్కడిది?”

“బయట సెల్ టవరుంది గదా, దానిది. తలుపు అంచున ఉండే రాగి పట్టీలు గడప రేకుకి ఆనితేనే గదా బయటి తరంగాలు రాకుండా ఈ గది మూసుకున్నట్టు? మధ్యలో పసుపు అడ్డమొస్తే ఎట్టా ఆనతాయి?” నాగులమ్మ వంగి స్క్రూడ్రైవరుతో గడపని గీకింది. ఎండిన పసుపు పెచ్చులు పెచ్చులుగా లేచింది. “మా గడపకి నేనూ పూస్తా సార్, అది కొయ్య. ఆయుధపూజకి రేకు గడపకి ఇంత మందాన పూసిన మారాజు ఎవరు?”

విజయభాస్కర్ మెల్లగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.