ఓవెన్‌లో జూకాలు

“జూకాలు మాడిపోతన్నాయే బిందూ!” అంటూ శ్రీరామ్మూర్తి ఓవెన్‌లోంచి ట్రే తీసి బల్ల మీద పెట్టాడు.

“నాన్నా, ఉత్త చేతుల్తోనా!” పొద్దుటినుంచీ పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ మట్టితో చేసిన నగల్ని వదిలేసి, హిమబిందు తండ్రి వేళ్లు పట్టుకుంది. బొబ్బలెక్కుతున్నాయి.

“ఏటీ అవ్వనేదే. ముందు జూకాలు సూడు.”

“మంట పుట్టట్లేదా?”

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. “షుగరమ్మా. ఆర్నెల్లయి వేళ్లకి ఏటీ తెలవడం నేదు. డ్యూటీలో ఎవులికీ సెప్పకు, ఉద్యోగం తీసేత్తారు.”

పోర్టులో క్రేన్ నడిపే చేతులవి.

“క్రేన్ కింద మనుషులుంటారు కదా నాన్నా.”

ఆమె తండ్రి చేతుల్ని చన్నీళ్ల గిన్నెలో ముంచుతుంటే ఆయన వాటినే చూస్తూ ఉండిపోయాడు.

“సూపర్‌వైజరుకి ఫోన్ కలుపు,” అన్నాడు చివరికి. “నానే సెప్తాను.”